పాత వెర్షన్ తొలగడం లేదు, కొత్తది ఎక్కడం లేదు: 1714, 1612 ఎర్రర్లు

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మారతహళ్లిలో చిన్న వ్యాపారుల లెక్కలు రాసే ఆఫీసు నడుపుతున్నాను. మా విండోస్ 10 కంప్యూటర్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయబోతే, పచ్చగీత సగం దాకా సాగి వెనక్కి మళ్లి, పాత వెర్షన్‌ను తొలగించలేమంటూ ఎర్రర్ 1714, దాని పక్కనే సిస్టమ్ ఎర్రర్ 1612 చూపిస్తోంది. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేయబోయినా ఫలితం లేదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో దాని ఫోల్డరును నేనే తుడిచేశాను, అయినా జాబితాలో పేరు అలాగే ఉంది. 20వ తేదీలోగా ఖాతాదారుల జీఎస్‌టీ 3బీ రిటర్నులు వేయాలి. దయచేసి దారి చూపండి.

జవాబు 1

1714 పైకి కనిపించేది మాత్రమేనండీ, అసలు కారణం 1612లో ఉంది. ఎంఎస్‌ఐ పద్ధతిలో, అంటే .msi అనే విండోస్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ ఫైలుతో, ఏ ప్రోగ్రాం ఎక్కించినా, రేపు దాన్ని తీసేయడానికి పనికొస్తుందని విండోస్ ఆ ప్యాకేజీ ప్రతిని తన ఫోల్డరు లోపల ఇన్‌స్టాలర్ అనే దాచిన ఫోల్డరులో పెట్టుకుంటుంది. ఆ ప్రతి పోయి, మొదట ఎక్కించిన ఫైలూ దొరకకపోతేనే 1612 వస్తుంది. ఆ ఫోల్డరును ఎవరైనా ఖాళీ చేశారా?

ప్రశ్న అడిగినవారు

అవునండీ. పోయిన నెల సి డ్రైవ్ నిండిపోతే, బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి అందులో దాదాపు 9 జీబీ ఉందని, అదంతా చెత్తేనని తీసేశాడు.

జవాబు 2 (వైట్‌ఫీల్డ్)

ముందు మీ డేటా ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఇది చేయకుండా దేన్నీ ముట్టుకోవద్దు. తర్వాత, ఇప్పుడు కంప్యూటర్లో ఉన్న పాత వెర్షన్ ఎంఎస్‌ఐ ఫైలునే సంపాదించండి. దగ్గరి వెర్షన్ పనికిరాదు. ఫైలు పేరు కూడా మొదట ఎక్కించినప్పుడు ఉన్నదే ఉండాలి. రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజరు పేరు చివర బ్రాకెట్లలో 1 చేరుస్తుంది, ఆ చిన్న మార్పుకే విండోస్ ఇది ఆ ఫైలు కాదంటుంది. పేరు సరిచేసి, ఫైలుపై రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ ఎంచుకోండి. పాత ఫైలు ఎంత వెతికినా దొరకకపోతే, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ నడపండి, రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు రాసిపెట్టుకునే చోట) మిగిలిన పాత నమోదులను అదే తీసేస్తుంది. రిజిస్ట్రీలో మీరుగా చేయి పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

పాత సెటప్ మా బల్ల సొరుగులోని పెన్‌డ్రైవ్‌లో దొరికింది. మీరన్నట్టే పేరు చివర 1 ఉంది. అది తీసేసి ప్రయత్నిస్తే రెండు నిమిషాల్లో పాతది పోయి కొత్తది ఎక్కింది. డేటా క్షేమం. మీ ఇద్దరికీ కృతజ్ఞతలు.

జవాబు 1

సంతోషం. ఫోల్డరు మొత్తం పోయింది కాబట్టి, ఎంఎస్‌ఐతో ఎక్కిన మిగతా ప్రోగ్రాములూ అప్‌డేట్ సమయంలో ఇలాగే మొరాయించవచ్చు. రిటర్నులు వేయడం పూర్తయ్యాక, ప్రింటరు సాఫ్ట్‌వేర్‌తో సహా ఏవేవి ఉన్నాయో రాసుకుని వాటి సెటప్‌లు దగ్గర పెట్టుకోండి.