నెలన్నర సూదులు: పాప బక్కగా ఉందని ఆపొచ్చా?

కరీంనగర్_కొత్తనాన్న:
బుధవారం మా పాపకు నెలన్నర సూదులు వేయించాలి. పుట్టినప్పుడు 2.6 కిలోలు, ఇప్పుడు 3.9. మా అమ్మా మా అత్తమ్మా ఏ విషయంలోనూ ఒక మాట మీద ఉండరు గానీ దీంట్లో మాత్రం ఇద్దరిదీ ఒకటే పాట, బక్కగా ఉంది, మూడో నెల పడ్డాక చూద్దాం, జ్వరమొస్తే తట్టుకోలేదు అని. ఆశా అక్క వచ్చి ఆ రోజు మూడు సూదులు, రెండు రకాల చుక్కలు అని చెప్పి వెళ్ళినప్పటి నుంచి నాకూ గుబులుగానే ఉంది. అన్నీ ఒకే రోజా? వేయించినవాళ్ళు మీ ఇంట్లో ఆ రోజు ఎలా గడిచిందో చెప్పండి. డాక్టర్ల వీడియోలు ఇప్పటికే చాలా చూశాను.

తెనాలి_అమ్మ:
మా వాడికి ఇప్పుడు పద్నాలుగు నెలలు. ఆ రోజు ముందు చుక్కలు వేశారు, పోలియోవి, విరేచనాలు రాకుండా రోటావి. తర్వాత ఎడమ తొడకు పెంటా, అంటే ఐదు జబ్బులకు కలిపి ఒకే సూది, కుడి తొడకు న్యుమోనియాది, కుడి భుజం మీద చర్మంలోకి చిన్న పోలియో సూది. మొదటి సూది పడగానే నోరు తెరిచాడు కానీ శబ్దమే రాలేదు, నా పై ప్రాణాలు పైనే పోయాయి, తర్వాత ఊరంతా వినేలా ఏడ్చాడు. పాలు పట్టగానే రెండు నిమిషాల్లో ఆగిపోయాడు. నేనే ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

రాత్రికి 101 జ్వరం. ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. పారాసిటమాల్ చుక్కలు వేరు, సిరప్ వేరు. మా ఇంట్లో ఉన్న చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు, వదినగారింటి నుంచి తెచ్చిన సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125. మా ఆయన సిరప్ మూతతో చుక్కల మందు కొలవబోతుంటే పట్టుకున్నాను. బరువు చెప్పి డాక్టరు రాసిన కొలత మాత్రమే వేయండి, అదీ జ్వరం వస్తేనే. తొడ గట్టిగా గడ్డలా అయింది, మా అత్తగారు నూనె రాసి రుద్దుదాం అన్నారు, రుద్దొద్దని నర్సు ముందే చెప్పింది కాబట్టి తడిగుడ్డతో సరిపెట్టాం. మర్నాడు సాయంత్రానికి వాడు మామూలే.

పాలమూరు_చిన్నోడు:
అన్నా, మీ అమ్మను వదిలెయ్, ఇంట్లో బాపమ్మ ఉంటే ఆమెను అడుగు. మా కాలంలో ఏ సూదులున్నాయి, మేం బతకలేదా అని మా నాన్న అంటుంటే మా అవ్వ ఒక్కసారే నోరు తెరిచింది. ఏడుగురిని కన్నది, నలుగురు మిగిలారు. ఒకడు ఎనిమిదో రోజు చన్ను పట్టడం మానేశాడంట, దవడలు బిగుసుకుపోయి, ఒళ్ళు వెనక్కి విల్లులా వంగిపోయిందంట. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. బొడ్డు కోసింది గడ్డి కోసే కొడవలితో. ధనుర్వాతం అనే పేరులో ధనుస్సు ఎందుకుందో నాకు ఆ రోజు తెలిసింది. 'బతికినోళ్ళే మేం బతికినం అంటరు, పోయినోళ్ళు ఏం చెప్తరు' అన్నది. మా నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సబ్‌సెంటర్_అక్క:
పందొమ్మిదేళ్ళుగా ఏఎన్ఎంని, ఊళ్ళో సూదులు వేసే నర్సుని. పై తమ్ముడు చెప్పింది నిజమే, కాకపోతే పురిట్లో వచ్చే ధనుర్వాతం ఆగేది కడుపుతో ఉన్నప్పుడు తల్లికి వేసే సూదితో, శుభ్రమైన కాన్పుతో. మన దేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతం అదుపులోకి వచ్చిందని 2015లో ప్రకటించారు. బిడ్డకు ఆ తర్వాత రక్షణ పెంటాలోనే ఉంది, అందులోనే కంఠసర్పి, కోరింత దగ్గు, హెపటైటిస్ బి, న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ అనే క్రిమికి మందు కూడా.

కరీంనగర్ తమ్ముడికి: 3.9 కిలోల పాప బక్క కాదు, బాగా పెరుగుతోంది. అసలు బక్క పిల్లలకే ఇవి ముందు కావాలి. కోరింత దగ్గు పెద్దవాళ్ళను విసిగిస్తుంది, రెండు నెలల బిడ్డకైతే ఊపిరే ఆడనివ్వదు, అందుకే మూడో నెల దాకా ఆగకుండా నెలన్నరకే మొదలుపెడతాం. మామూలు జలుబు, ముక్కు కారడం ఉన్నా వేయించొచ్చు. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి, ఆటో వెయిటింగ్‌లో ఉందని పరిగెత్తకండి. మూడు గంటలు ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, వాలిపోయినట్టున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నేను చూసినంతలో ఇవి చాలా అరుదు.

అనుమానం ఉంటే సీసా చూపించమని అడగండి, మేమేం అనుకోం. దాని మీద గుండ్రటి గుర్తు, లోపల చిన్న చదరం ఉంటాయి. లోపలి చదరం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉంటే మందు బాగున్నట్టు. వేడి తగిలేకొద్దీ నల్లబడుతుంది, చుట్టూ ఉన్న రంగుతో సమానమైతే పక్కన పెట్టేస్తాం.

బొబ్బిలి_కోడలు:
నాదో సందేహం అక్కా. పుట్టింట్లో కాన్పు, క్షయ రాకుండా వేసే బీసీజీ సూది అక్కడే వేశారు. మూడో వారంలో భుజం మీద పొక్కు లేచి చీము పట్టింది. పసుపు పెట్టమంటున్నారు. ఇంకోటి, ఐదో నెలలో అత్తారింటికి వెళ్ళాలి, ఇక్కడ ఇచ్చిన సూదుల కార్డు అక్కడ పనికొస్తుందా?

సబ్‌సెంటర్_అక్క:
పసుపూ వద్దు, పౌడరూ వద్దు, అలా వదిలెయ్యమ్మా. ఆ పొక్కు దానంతటదే మాని చిన్న మచ్చ పడుతుంది. చంకలో గడ్డ పెద్దదైతే మాత్రం చూపించు. కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, పారేయకు, ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టుకో. ఒక డోసు ఆలస్యమైనా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటి నుంచే వేస్తాం. తిడతామని భయపడి రానివాళ్ళే ఎక్కువ.

సహజ_జీవనం:
అన్నీ బాగానే ఉన్నాయి కానీ తట్టు టీకాతో ఆటిజం వస్తుందని విదేశాల్లో రుజువైంది కదా? వాట్సాప్‌లో వచ్చింది.

డాలస్_తెలుగుతల్లి:
ఆ విదేశంలోనే ఉంటున్నాను, నేను చెప్తా. 1998లో వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు లాన్సెట్ పత్రికలో పన్నెండు మంది పిల్లల మీద రాసిన వ్యాసం అది. 2010లో పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడు అక్కడ ఆయన డాక్టరు రిజిస్ట్రేషనూ రద్దయింది. తర్వాత లక్షల మంది పిల్లల మీద చేసిన పరిశీలనల్లో ఎక్కడా ఆ లింకు కనిపించలేదు. వ్యాసం పోయింది, వాట్సాప్ ముక్క మిగిలింది.

2025లో మా టెక్సస్ పడమటి వైపు తట్టు లేచి 700 మందికి పైగా సోకింది, టీకా వేయించని ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. అప్పుడు మా బాబుకు ఎనిమిది నెలలు, అమ్మకు చూపించడానికి విజయవాడ ప్రయాణం పెట్టుకున్నాం. ఇక్కడ మామూలుగా తట్టు టీకా ఏడాదికి వేస్తారు, ఇండియాలో తొమ్మిది నెలలకే. ఆరు నెలలు దాటిన బిడ్డ దేశం దాటుతుంటే ముందుగా ఒక డోసు వేస్తారని డాక్టరు చెప్పేదాకా నాకూ తెలియదు. అది లెక్కలోకి రాదు, మామూలుగా వేసే రెండు డోసులూ తర్వాత మళ్ళీ వేయించాలి. సెలవులకు వచ్చే ఎన్నారైలు టికెట్ బుక్ చేసేటప్పుడే అడగండి.

ఉప్పల్_బాబాయ్:
మేం మొదటి డోసు ప్రైవేటులో నొప్పి లేని రకం అని వేయించాం, జ్వరం తక్కువ వచ్చిన మాట నిజమే. ఆ బిల్లు చూశాక మిగతావి బస్తీ దవాఖానాలో ఉచితంగా వేయించాం. పనిచేయడంలో సర్కారుది తక్కువేం కాదని పిల్లల డాక్టరే చెప్పాడు. అన్నట్టు ఆ రోటా చుక్కల్లో ఒక రకం మన హైదరాబాద్‌లో తయారైందే, 2016లో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్ర ఒకటి.

కరీంనగర్_కొత్తనాన్న:
వేయించాం. మా అమ్మ రానని అలిగి కూర్చుంది, సీదా చెప్పాలంటే ఇంకా మాట్లాడట్లేదు. అత్తమ్మ మాత్రం గుడ్డ సంచిలో నాలుగు లంగోటీలు సర్దుకుని ముందే ఆటో ఎక్కింది. రాత్రి 100.6, చుక్కల కొలత డాక్టరుతో కార్డు వెనకే రాయించాను. రెండింటి దాకా చంకలోనే నిద్ర, ఇప్పుడు కాళ్ళు ఆడిస్తోంది, ఎడమ కాలు మాత్రం కొంచెం మెల్లగా. తర్వాతి డోసు నాలుగు వారాలకని రాశారు, ఆ బుధవారమే మా బావమరిది పెళ్ళి.

సబ్‌సెంటర్_అక్క:
శనివారం కూడా వేస్తాం తమ్ముడూ. పెళ్ళి అయ్యాక వచ్చెయ్.