సమస్య: తలుపు లేని యింట తాళ మొప్పు

నేనొక పద్యపాదం ఇస్తాను, మిగతా పాదాలు మీరు పూరించి పంపాలి, అదే సమస్య. ఈ వారానిది ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం.

తలుపు లేని యింట తాళ మొప్పు

ఇది నాకు ఎలా తట్టిందో చెబుతాను. అనంతపురంలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో చిన్న వర్క్‌షాపు ఉంది. నాన్న వాడిన పానాలు, ఆకురాళ్లు, మరలు కోసే ట్యాపులు, డైలు ఏళ్ల తరబడి గోనెసంచుల్లో, నూనె డబ్బాల్లో పడి ఉన్నాయి. వాటికి ఇనుప సొరుగుల పెట్టె ఒకటి కొందామని ఊరంతా తిరిగాను. ఫర్నిచర్ అంగళ్లలో కనిపించినవన్నీ ఆఫీసు ఫైళ్ల కోసం చేసినవి. సొరుగు అడుగు లోతు ఉంటుంది. అందులో పానాలు వేస్తే కుప్పే, మనకు కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది. పనిముట్లకు రెండు నుంచి నాలుగు అంగుళాల లోతు చాలు. ఒక్క వరసే పట్టాలి, లాగగానే అన్నీ కంటబడాలి. చివరికి ఒకచోట అలాంటి ఏడు సొరుగుల పెట్టె దొరికింది. దానికి తలుపు లేదు. పై మూలన ఒకే తాళం ఉంది. చెవి తిప్పితే ఏడు సొరుగులూ ఒక్కసారి బిగుసుకున్నాయి. ఈ పాదం అక్కడే నోటికొచ్చింది.

యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) త–తా కుదిరింది కాబట్టి మీరు మిగతా మూడు పాదాలు చూసుకుంటే చాలు.

గుంతకల్లు నుంచి, రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన:

పానలన్ని చేర్చి పదిలమౌ సొరుగుల
నిల్పి పేర్చి దాచు నినుప పెట్టె
మరల కిల్లు గాదె మన పనికొట్టాన
తలుపు లేని యింట తాళ మొప్పు

నా మాట: గణాలు (అక్షరాల కొలతలు), యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి సార్. మూడో పాదంలో 'పనికొట్టాన' అన్న మన సీమ మాట చదవగానే ప్రాణం లేచి వచ్చింది. ఒక్క 'పదిలమౌ' మాత్రం గణం నింపడానికే వచ్చినట్టుంది. 'దాచు' అన్నాక పదిలం వేరే చెప్పాలా? అక్కడ 'బారుగా' అంటే ఎలా ఉంటుంది? పా–బా యతి చెల్లుతుంది, సొరుగులో పానాలు వరసగా పడుకున్న బొమ్మా కనబడుతుంది.

పెద్దాయన జవాబు: "బారుగానే బాగుంది నాయనా, మార్చుకుంటా. నేను సొరుగు అడుగున ప్రతి పానా ఆకారం పెయింటుతో గీసుకున్నా. సాయంత్రం ఏ గీత ఖాళీగా ఉంటే ఆ పానా యాడో మరిచిపోయినట్టు లెక్క."

ప్రొద్దుటూరు నుంచి, లేతు (లోహం చెక్కే మిషను) పని చేసే తమ్ముడు:

బీరువాను దెరువ బెత్తెడు చోటేది
లేతు కడుపు తగిలి లేచె పెచ్చు
సొరుగు లాగి చూచు సుఖమింత యంతయా
తలుపు లేని యింట తాళ మొప్పు

నా మాట: రెండో పాదం చదివి లేచి వెళ్లి మా లేతు చూసుకున్నాను తమ్ముడూ, మా బీరువా తలుపు తగిలి రంగు పెచ్చు లేచింది కూడా అక్కడే. ఇరుకు కొట్టంలో బీరువా కన్నా సొరుగులే మేలని రెండు పాదాల్లో చెప్పావు. కానీ సమస్యలో బరువంతా తాళం మీద ఉంది. నీ మూడో పాదం సుఖం దగ్గరే ఆగిపోయింది, తాళం ఎందుకో చెప్పలేదు. ఇలా చూడు:

సొరుగు పెట్టె కైన చోరులు గలరుగా

సొ–చో యతి చెల్లుతుంది, స–చలకు మైత్రి ఉంది.

తమ్ముడు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, పెట్టె చేయించుకుంటే ఎంత మందం రేకు తీసుకోవాలని అడిగాడు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను రెండేళ్ల క్రితం ఇక్కడే దెబ్బతిన్నాను. గేజ్ నంబరు పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. 18 గేజ్ 1.2 మిల్లీమీటర్లు, 20 గేజ్ 0.9, 24 గేజ్ 0.56. నాకు 20 అని చెప్పి 24 అంటగట్టారు. రెండు నెలలకు సొరుగు అడుగు బొజ్జలా కిందికి దిగి, కింది సొరుగును పట్టేసింది. అంగట్లోనే వెర్నియర్ పెట్టి కొలుచుకో, మొహమాటపడొద్దు. పట్టాలకు బాల్ బేరింగ్ టెలిస్కోపిక్ ఛానల్ వేయించు. 45 కిలోలని రాసి ఉంటే అది జతకు లెక్క, ఒక్కోదానికి కాదు. బరువైనవన్నీ అడుగు సొరుగులోకి పోవాలి. పైనున్న రెండు నిండు సొరుగులు ఒకేసారి లాగితే పెట్టె మన మీదికే వస్తుంది, అందుకే గోడకు బోల్టు వేయించు.

కర్నూలు నుంచి ఒక అన్న:

గ్రంథశాల నాటి కార్డుల పేటిక
తూక మేసి కొంటి తుక్కు లోన
అరల నిండ బిట్లు అమరెను చక్కగా
తలుపు లేని యింట తాళ మొప్పు

కడప టీచరమ్మ విమర్శ: "అన్నా, గ్రం–కా యతి చక్కగా పడింది. మూడో పాదంలోనే చిక్కు. బిట్లు + అమరెను అంటే సంధి చేసి 'బిట్లమరెను' అనాల్సిందే, అప్పుడు గణం పోతుంది. విడదీసి ఉంచితే విసంధి దోషం. 'అరల నిండ బిట్ల నమరించితిని నేను' అనండి. సంధిలో ఉన్న అకారం యతికి సరిపోతుంది."

అమ్మ చెప్పిన సవరణ ఛందస్సుకే కాదు, అర్థానికీ మేలు చేసింది. బిట్లు వాటంతట అవే అమరవు, కూర్చుని అమర్చాలి. ఆ పెట్టె ఫోటో చూశాను. కేటలాగు కార్డు 12.5 × 7.5 సెంటీమీటర్లు కాబట్టి సొరుగులు సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. పానాలకు పనికిరావు కానీ డ్రిల్ బిట్లకు, బెజ్జాలు సాపు చేసే రీమర్లకు కొలిచి చేసినట్టున్నాయి. కార్డుల్లోంచి పోయే కమ్మీ తీసేసి, తుప్పు పట్టకుండా అన్న ప్రతి సొరుగు మూలన కర్పూరం బిళ్ల పెట్టాడు. మన గాలి పొడిదే అయినా చేతి చెమట చాలు, నున్నటి ఉక్కు మీద రాత్రికి రాత్రే వేలిముద్ర ఎర్రగా తేలుతుంది.

కళ్యాణదుర్గం వైపు నుంచి, కమ్మరం ఇంట పుట్టిన మిత్రుడు:

సుత్తి దెబ్బ పడగ సొగసైన సడిలేవ
కొలిమి తిత్తి సుతిని గూర్చి యూద
కమ్మరన్న గుడిసె గడపయు లేనిది
తలుపు లేని యింట తాళ మొప్పు

మేమంతా సొరుగులకు తాళం వెతుకుతుంటే ఈయన ఆ మాటనే తిప్పేశాడు. తాళం అంటే లయ! అక్షరం మారకుండా అర్థం మారింది. సమస్య ఇచ్చిన నాకే ఈ దారి తోచలేదు. సుతి (శ్రుతి) అన్నాడు కాబట్టి తాళం దానంతట అదే వచ్చి కూర్చుంది. ఒక్క 'సొగసైన' దగ్గర మాత్రం ఆగాను. సడి సొగసుగా ఉందని చెబితే మాకు వినబడదు. మీ ఇంట్లో ఆ చప్పుడు ఎలా ఉండేది, అది రాయండి అని అడిగాను.

ఆయన రాసింది: "మా తాత చేతిలో చిన్న సుత్తి, ఎదురుగా నాన్న చేతిలో సమ్మెట. కాలిన ఇనుము మీద తాత ఎక్కడ టక్కుమనిపిస్తే నాన్న అక్కడే సమ్మెట దించాలి. మాటలుండవు. తాత సుత్తి వట్టి దాగలి దిమ్మె మీద మోగిందంటే, ఇక చాలని."

గంట తర్వాత మొదటి పాదం మార్చి పంపాడు:

సన్న సుత్తి పిలువ సమ్మెట బదులీయ
కొలిమి తిత్తి సుతిని గూర్చి యూద
కమ్మరన్న గుడిసె గడపయు లేనిది
తలుపు లేని యింట తాళ మొప్పు