శుద్ధి కేంద్రంలో బురద పైకి తేలుతోంది: ప్రభుత్వపరంగా సాంకేతిక సాయం ఎవరిని అడగాలి?

ప్రశ్న (ఎస్టీపీ ఆపరేటర్, శ్రీకాకుళం జిల్లా):
నాగావళి ఒడ్డున ఒక చిన్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో పనిచేస్తున్నాను. బురద అడుగుకు దిగవలసిన సెట్లింగ్ ట్యాంకు ఉదయం తేటగా ఉంటుంది, కానీ అందులో మధ్యాహ్నానికల్లా గోధుమరంగు బురద ముద్దలుగా తేలి, శుద్ధి అయిన నీటితోపాటు కాలువలో పడి ఏట్లోకి పోతోంది. మురుగునీటిలోకి గాలి ఊదే బ్లోయర్లు సక్రమంగానే నడుస్తున్నాయి. కేంద్రాన్ని కట్టిన సంస్థ గడువు ముగిసిందని చేతులు దులుపుకుంది. కాలుష్య నియంత్రణ మండలికి రాస్తే సాయం కన్నా ముందు నోటీసు వస్తుందని మా పైవారు జంకుతున్నారు. వచ్చి చూసి సలహా ఇచ్చే ప్రభుత్వ వ్యవస్థ ఏదైనా ఉన్నదా?

సమాధానం 1 (విశ్రాంత ఇంజినీరు, విజయనగరం):
ఉన్నదండి. పురపాలక సంఘాలకు సాంకేతికంగా అండగా ఉండవలసింది ప్రజారోగ్య, పురపాలక ఇంజినీరింగ్ శాఖ కాబట్టి, ముందుగా కమిషనర్ గారి సంతకంతో ఆ శాఖ ఇంజినీర్లకు లేఖ పంపించండి. ఇక మండలి సంగతి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం దానికి తనిఖీ అధికారంతోపాటు, స్థానిక నేలకూ వాతావరణానికీ తగిన చవకైన, నమ్మదగిన శుద్ధి పద్ధతులను రూపొందించే బాధ్యతను కూడా 17వ సెక్షన్‌లో అప్పగించింది. సాయపడవలసిన కార్యాలయమే నోటీసు కూడా ఇస్తుంది గనుక మీవారి జంకు అకారణమని అనలేను. అయినా బురద ఏట్లో కలుస్తున్నప్పుడు దాచిపెట్టడం కన్నా, ఏం సరిదిద్దుతున్నారో తేదీలతో సహా మీరే ముందుగా తెలియజేయడం మేలు.

సమాధానం 2 (పర్యావరణ ప్రయోగశాల అధ్యాపకురాలు):
లేఖకు జవాబు వచ్చేలోగా ఒక పరీక్ష చేయండి. ఏరేషన్ ట్యాంకు (గాలి ఊదే ట్యాంకు) నీటిని లీటరు కొలజాడీలో పట్టి కదపకుండా ఉంచండి. అరగంటలో బురద చక్కగా అడుగుకు దిగి, ఆ తర్వాత గంట రెండు గంటలకు సన్నని బుడగలతో పైకి లేస్తే, అడుగున ఎక్కువసేపు నిలిచిన బురదలోని నైట్రేటును సూక్ష్మజీవులు నత్రజని వాయువుగా మారుస్తున్నాయని అర్థం. అప్పుడు గాలి పెంచినందువల్ల ప్రయోజనం ఉండదు. రిటర్న్ స్లడ్జ్ పంపింగ్ (అడుగుకు దిగిన బురదను తిరిగి ఏరేషన్ ట్యాంకుకు పంపడం) పెంచి, అదనపు బురదను వేళకు తీసివేయాలి. అరగంటకు కూడా దిగకపోతే అది వేరే జబ్బు, దానికి మందూ వేరే. బీఓడీ (నీటిలోని సేంద్రియ మలినాలను విడగొట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) ఫలితానికి 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 రోజులు పడుతుంది కాబట్టి రోజువారీ నిర్ణయాలకు కొలజాడీయే ఆధారం.

ప్రశ్న అడిగినవారు:
మేడమ్ గారూ, మీరన్నట్టే అరగంటకు దిగిన బురద తర్వాత లేచింది. కరెంటు ఖర్చు తగ్గించడానికి పగటి షిఫ్టులో రిటర్న్ పంపును కొన్ని గంటలపాటు ఆపుతున్నట్టు లాగ్‌బుక్కులో ఉంది.

సమాధానం 1:
ఆ లాగ్‌బుక్కు పేజీల నకళ్లనూ కొలజాడీ ఫొటోలనూ లేఖకు జతచేయండి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం మహానగరాలు కాని చోట్ల బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంతకన్నా కఠినమైన ప్రమాణాలను ఆదేశించింది గనుక, మండలి మీకిచ్చిన అనుమతిపత్రంలో ఏ అంకె ఉన్నదో చూసి దానినే లేఖలో ఉదహరించండి.