క్రిస్మస్ నాటికలో వాక్యం ఎంత, ఊహ ఎంత?

ప్రశ్న (గాజువాక): సండే స్కూల్ పిల్లలతో నాటిక వేయిస్తున్నాం. పశువుల పాక, ముగ్గురు జ్ఞానులు, ఎద్దు, గాడిద: సువార్తల్లో లేనివేవి? తీసేస్తే పిల్లల విశ్వాసం సడలుతుందా?

జవాబు: ఎద్దు, గాడిద లేవు, యెషయా 1:3 నుంచి వచ్చి చేరాయి. కానుకలు మూడు కాబట్టి జ్ఞానులు ముగ్గురన్నారు, మత్తయి లెక్క చెప్పలేదు. అసలు చిక్కు లూకా 2:7లోని ‘సత్రం’. గ్రీకులో కతాలుమా. అదే మాట 22:11లో మన బైబిల్లో ‘విడిది గది’ అయింది. పూటకూళ్ల ఇల్లు చెప్పాల్సిన చోట (10:34) లూకా వేరే మాట, పందోకియోన్, వాడాడు. చుట్టాలతో నిండిన ఇంట్లో, పశువుల్ని కట్టే చోట యేసు పుట్టాడని చాలామంది పండితుల మాట. కసిరి పంపే సత్రం యజమాని ఎక్కడా లేడు, ఆ పాత్ర తీసేయండి.

మరో జవాబు: రెండు రంగాలు చేయండి. గొల్లలు తొట్టె దగ్గర, జ్ఞానులు తర్వాత ఇంట్లో (మత్తయి 2:11). పెద్దపిల్లలు తేదీలు అడుగుతారు: యేసు పుట్టింది హేరోదు రాజు బతికుండగా అని మత్తయి, సిరియా అధిపతి కురేనియు నాటి జనసంఖ్యప్పుడు అని లూకా అంటారు. కానీ హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో, కురేనియు జనసంఖ్య క్రీ.శ. 6లో. అందరూ ఒప్పుకున్న సమాధానం లేదు, దాచొద్దు. దాస్తేనే తర్వాత నమ్మకం పోతుంది. గుడిలో అర్పించిన గువ్వలు (లూకా 2:24) మాత్రం వదలకండి. గొర్రెపిల్లను తేలేని పేదల అర్పణ అది (లేవీయ 12:8). అట్టతో ఆ జత చేసి, జ్ఞానుల రంగానికి ముందే మరియ చేతికివ్వండి.