కాల్షియం వేయగానే గొట్టం మబ్బేసింది: సెన్సర్ పనిచేసినట్టేనా?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, హనుమకొండ):
కాల్షియం తగలగానే కణాలు గుమిగూడి, ఆ మార్పు ఎంఆర్‌ఐ చిత్రంలో కనిపించే సెన్సర్ తయారు చేస్తున్నాను. సిట్రేట్ పూత ఉన్న ఐరన్ ఆక్సైడ్ నానో కణాలకు, కాల్షియాన్ని పట్టుకునే ప్రోటీన్ అతికించి ఫాస్ఫేట్ బఫర్‌లో (ఆమ్లత్వం మారకుండా ఉంచే ద్రావణంలో) కలిపాను. లేత డికాక్షన్ రంగులో తేటగా ఉన్న ద్రావణం, 20 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ పడగానే మబ్బేసింది. కాసేపటికి అడుగున మడ్డి. కణాలు గుమిగూడినట్టే కదా? నక్కలగుట్టలో తెలిసినవారి స్కానింగ్ సెంటర్‌లో ఆదివారం ఎంఆర్‌ఐ తీస్తామన్నారు. గొట్టాలు తీసుకెళ్లనా?

జవాబు:
ఆగమ్మా. ఫాస్ఫేట్‌లో అంత కాల్షియం పోస్తే కణాలు లేకపోయినా కాల్షియం ఫాస్ఫేట్ మడ్డి కడుతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టే తెల్ల పొర కార్బొనేట్. ఇది దానికి చుట్టమే. దిగేటప్పుడు మీ కణాలనూ వెంట లాక్కుపోతుంది. ఫాస్ఫేట్ లేని హెపెస్ బఫర్‌కు మారండి. కణాలు లేని గొట్టం ఒకటి పక్కన పెట్టి చూడండి.

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడే చూశాను సర్. పాత బఫర్‌లో ఆ గొట్టమూ మబ్బేసింది! కానీ మొన్న ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టేసుకునే రసాయనం) వేస్తే మళ్లీ తేటపడిందే?

జవాబు:
ఈడీటీఏ కాల్షియాన్ని మడ్డిలోంచి కూడా లాగేస్తుంది. కాబట్టి అది సాక్ష్యం కాదు.

మరొకరి జవాబు (పరిశోధకురాలు, వరంగల్):
సిట్రేట్‌నూ అనుమానించండి. ఆ పూత మీది రుణావేశాలను కాల్షియమే వంతెనలా కలిపి, ప్రోటీన్ లేని కణాలనూ గుంపు చేయగలదు. ప్రోటీన్ లేని కణాల గొట్టమూ కావాలి. స్పందన కాల్షియానికేనా అని తేలడానికి మెగ్నీషియం వేసినది మరొకటి.

ఇక మోతాదు. శరీరంలో జీవకణాల బయట కాల్షియం ఉండేది సుమారు 1 మిల్లీమోలార్. 2018లో అమెరికాలో ఎంఐటీ శాస్త్రవేత్త అలన్ జాసనాఫ్ బృందం, కాల్షియాన్ని పట్టుకునే సినాప్టోటాగ్మిన్ ప్రోటీన్‌తో చేసిన ఇలాంటి నానో కణాలు 0.1 నుంచి 1 మిల్లీమోలార్ మధ్య మార్పులనే పట్టాయి. ఎలుక మెదడులోనూ పనిచేశాయి. మీ 20 ఎక్కడ, అది ఎక్కడ!

కణాలు చిన్న గుంపులుగా ద్రావణంలో తేలుతుంటే టీ2 (ఎంఆర్‌ఐ సంకేతం ఆరిపోవడానికి పట్టే సమయం) తగ్గి, దాని ఆధారంగా తీసిన చిత్రంలో గొట్టం నల్లబడుతుంది. అదే అడుగుకు దిగిపోతే పైనున్న నీరు తెల్లగా కనిపించి ఫలితం తలకిందులవుతుంది. నిజానికి మడ్డి కనిపించిందంటేనే పని చెడినట్టు. స్కానులో గొట్టాలను నీళ్ల డబ్బాలో నిలబెట్టండి; చుట్టూ గాలి ఉంటే అంచుల్లో బొమ్మ వంకర పోతుంది.

ప్రశ్న వేసినవారు:
ఆదివారం వద్దని చెప్పేశాను మేడమ్. డబ్బా అంటే మా ఇంట్లో టిఫిన్ క్యారియర్ గిన్నె సరిపోతుందా?

పరిశోధకురాలు:
స్టీలుది ఆ గది గుమ్మం కూడా దాటకూడదు తల్లీ. ప్లాస్టిక్‌ది తీసుకెళ్లు.