మిసైల్ టెక్నికల్ సపోర్ట్ పనిని కూడా తక్కువ కోట్ చేసినోడికే ఇవ్వాలా?

లేత్ బాబాయి (ఆటోనగర్, బెజవాడ):

ముందే చెప్తున్నా, ఇది రాజకీయం పోస్టు కాదు. ఆటోనగర్లో మాది చిన్న షాపు. రెండు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్లు, మూడు పాత లేత్‌లు, పద్నాలుగు మంది పనివాళ్ళు. ఒకప్పుడు లారీ పనులే చేసేవాళ్ళం. నాలుగేళ్ళ నుంచి హైదరాబాద్ కంపెనీ ఒకటి డిఫెన్స్ పార్టుల మిషనింగ్ ఇస్తోంది. డ్రాయింగ్ వాళ్ళది, మెటీరియల్ వాళ్ళది, కోత మనది. ఇంతవరకు బానే ఉంది.

ఇప్పుడు వాళ్ళు కొత్త కబురు పెట్టారు. మిసైల్ టెస్ట్ పరికరాల దగ్గర టెక్నికల్ సపోర్ట్ కాంట్రాక్టుకి టెండరు వేస్తారట. మనం ఆరుగురు టెక్నీషియన్లను ఇవ్వాలట. కేబులింగ్, పరికరాల మెయింటెనెన్స్, క్యాలిబ్రేషన్ (పరికరం కొలత సరిగ్గా ఉందో సరిచూడటం) రికార్డులు చూసుకోవడం పని. "తలకి ఇంత అని రేటు చెప్పండి, ఎల్1 (అందరికంటే తక్కువ కోట్) రావాలి కాబట్టి బాగా దించి చెప్పండి" అన్నారు. అక్కడే నాకు మింగుడు పడలేదు.

బోల్టులు కొనేటప్పుడు ఎల్1 అంటే అర్థముంది. బోల్టు బాగుందో లేదో గేజ్ పెడితే తెలిసిపోతుంది. మనిషి పనితనాన్ని ఏ గేజ్‌తో కొలుస్తారు? నాగాయలంక దగ్గర మిసైల్ టెస్ట్ రేంజ్‌కి 2025 మే 2న ప్రధాని అమరావతి సభలో శంకుస్థాపన చేశారు. సుమారు 1,460 కోట్ల ప్రాజెక్టు. లాంచ్ సెంటర్, రాడార్లు, టెలిమెట్రీ, ఎలక్ట్రో ఆప్టికల్ పరికరాలు వస్తాయన్నారు. అవి వచ్చాక వాటిని చూసుకునే సపోర్ట్ పనులు కూడా వస్తాయి కదా. అవీ ఇలాగే వేలం పాటలో పోతాయా? అందరూ ఏమంటారో చెప్పండి.

టెండరు రావు (గుంటూరు):

బాబాయి గారూ, నేను ఓ ప్రభుత్వ ఆఫీసు కొనుగోళ్ళ సెక్షన్లో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగినవాణ్ణి. ఎల్1ని అందరూ తిడతారు. అది లేని రోజుల్లో ఏం జరిగేదో మాత్రం ఎవరికీ గుర్తుండదు. "ఈ కంపెనీ నాణ్యమైనది" అని ఆఫీసరు నోట్ ఫైల్లో ఒక్క వాక్యం రాస్తే చాలు, పని వెళ్ళిపోయేది. ఆ నాణ్యత ఎవరింట్లో కొలిచారో దేవుడికెరుక. ఎల్1 అయితే అంకె చూపించవచ్చు. ఆడిట్ వాళ్ళు వచ్చి రెండో కంపెనీకి ఎందుకిచ్చారని అడిగితే రిటైరయ్యాక కూడా జవాబు రాస్తూ కూర్చోవాలి. ఆడిట్ వాళ్ళు రాసిన ఓ అభ్యంతరం వల్ల నా పెన్షన్ ఎనిమిది నెలలు ఆగింది. నేను చేసిన తప్పేంటంటే మంచి కంపెనీని ఎంచుకోవడం.

ఇంకో మాట. మీలాంటి చిన్నవాళ్ళకి టెండర్లలో దారి దొరుకుతోందంటే అది రేటు లెక్క వల్లే. 2012 కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు ఏడాది కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. ఎల్1 పెద్ద కంపెనీదై, మీ కోట్ దాని కంటే 15 శాతం లోపు ఎక్కువుంటే, ఆ రేటుకి దిగే అవకాశం మీకిస్తారు. మార్కుల పద్ధతి పెడితే "అనుభవం 15 ఏళ్ళు, టర్నోవర్ ఇన్ని కోట్లు" అని ఫస్ట్ రౌండ్లోనే మిమ్మల్ని గేటు బయట నిలబెడతారు. ఆలోచించుకోండి.

బందరు లడ్డు:

రావు గారికి నమస్కారం. కాగితం మీద మీరన్నది నిజమే. టేబుల్ అవతల వైపు కూర్చున్నవాణ్ణి నేను, నా వైపు సంగతి చెప్తా.

వేరే రాష్ట్రంలో ఓ సంస్థలో ఆరేళ్ళు కాంట్రాక్ట్ టెక్నీషియన్‌గా చేశా. ఆరేళ్ళలో నాలుగు ఏజెన్సీలు మారాయి. మనుషులం అవే, బెంచీ అదే, మెడలో ఐడీ కార్డు తాడు రంగు మారేది. ఏజెన్సీ మారిన ప్రతిసారీ "కొత్త రేటు ఇంతే, ఇష్టమైతే ఉండు" అనేవాళ్ళు. మూడోసారి మారినప్పుడు చేతికొచ్చే జీతం 2,500 తగ్గింది. మా సీనియర్ ఆ రోజే బ్యాగు సర్దుకున్నాడు. ఆయన పనల్లా కనెక్టర్లకు పిన్నులు క్రింప్ చేయడం, అంటే వైరు మీద పిన్నుని నొక్కి బిగించడం.

వినడానికి చిన్న పని. ఆ పిన్ను వెనక గొట్టంలో సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది. వైరు లోపలికి పూర్తిగా వెళ్ళిందా అని ఆ రంధ్రంలోంచి చూడాలి, రాగి పోగులు కనపడాలి. తర్వాత క్రింపింగ్ టూల్‌తో నొక్కితే నాలుగు వైపులా సమానంగా నొక్కు పడుతుంది. ఆ టూల్‌కి కూడా క్యాలిబ్రేషన్ గడువుంటుంది. ఆయన ప్రతి పిన్నూ లైటు కింద పెట్టి, తల ఓ పక్కకి వంచి చూసేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం, కోడిపుంజు గింజ చూసినట్టు చూస్తాడని.

ఆయన స్థానంలో వచ్చిన కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. మామూలు నోస్ ప్లయర్‌తో నొక్కేశాడు. మల్టీమీటర్ పెడితే బీప్ వస్తుంది, పాస్. వైబ్రేషన్ టేబుల్ మీద పెట్టేసరికి సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఆ తప్పు పట్టుకోవడానికి ముగ్గురు ఇంజనీర్లకు మూడు రోజులు పట్టింది. కుర్రాడి తప్పు కాదు, వాడికి ఆ టూల్ చూపించింది నేనే, ఫెయిలయ్యాక. 2,500 మిగిలిందని ఏజెన్సీ సంతోషం. మూడు రోజుల టెస్ట్ టైము ఎవరి ఖాతాలో రాశారో నాకు తెలియదు.

నాగాయలంక అన్నారు కాబట్టి ఇంకోటి. అక్కడ ఉప్పుగాలి. మా ఊళ్ళో కిటికీ ఊచలే రెండేళ్ళకు పొట్టు రాలతాయి. కనెక్టర్లు, యాంటెన్నాలు, కెమెరా అద్దాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. వాటిని రోజూ తుడిచి చూసే మనిషి ఏడాదికోసారి మారకూడదు.

గోలి సోడా (నగరం):

ఆ రేంజ్ వల్ల దివిసీమలో రొయ్యల చెరువులకూ వేటకెళ్ళే బోట్లకూ ఏం ఇబ్బందో ఎవరూ మాట్లాడరేం?

లేత్ బాబాయి:

సోడా గారూ, అది పెద్ద విషయం. వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తా. ఇక్కడ టెండరు సంగతి చూద్దాం.

రావు గారూ, మార్కులు, రేటు రెండూ కలిపే క్యూసీబీఎస్ పద్ధతి ఉందిగా? దాంతో ఈ గొడవ తీరదా?

టెండరు రావు:

ఉంది. ఒకప్పుడు కన్సల్టెన్సీకే ఉండేది. నాణ్యత ముఖ్యమైన పని అని ముందే ప్రకటిస్తే వేరే సర్వీసులకు కూడా వాడొచ్చని 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. కానీ అలాంటి చోట నాణ్యత మార్కుల వాటా 30 శాతం దాటకూడదు. లెక్క వేసి చూపిస్తా, కాగితం తీసుకోండి.

మొదటి కంపెనీకి టెక్నికల్ మార్కులు 90, రేటు 100 రూపాయలు. రెండోదానికి మార్కులు 70, రేటు 80 రూపాయలు. నాణ్యతకి 30, రేటుకి 70 వాటా అనుకుందాం. మొదటిదానికి 27 ప్లస్ 56, మొత్తం 83. రెండోదానికి 21 ప్లస్ 70, మొత్తం 91. అంటే 20 మార్కులు తక్కువొచ్చినా చవక కంపెనీయే గెలిచింది. అదే సగం సగం పెట్టి చూడండి, ఇద్దరికీ 85 చొప్పున వచ్చి టై అవుతుంది. కాబట్టి 30 శాతంతో క్యూసీబీఎస్ అంటే, నా భాషలో, ఎల్1కి ఇస్త్రీ చొక్కా తొడగడం.

మరి 50 పెడదామంటారా? ఆ 90, 70 వేసేది ఎవరు? మనుషులే. మళ్ళీ మొదటికొచ్చాం.

బ్రాడీపేట ఇడ్లీ:

అమెరికా సంగతి చెప్తే "ఇక్కడెందుకు" అనకండి. మా అక్కయ్య కొడుకు అక్కడ ప్రభుత్వ కాంట్రాక్టుల పనిలోనే ఉన్నాడు, వాడు చెప్తే చదివాను. 2017 ఆర్థిక సంవత్సరానికి వాళ్ళు చేసిన రక్షణ చట్టంలో 813వ సెక్షన్ అని ఒకటుంది. కనీస అర్హత ఉన్నవాళ్ళలో తక్కువ రేటువాడికి పని ఇచ్చే పద్ధతిని కొన్ని పనులకు వీలైనంతవరకు వాడొద్దని అందులో రాశారు. ఆ పనుల్లో సిస్టమ్స్ ఇంజనీరింగ్, టెక్నికల్ అసిస్టెన్స్ సర్వీసులు పేరు పెట్టి మరీ ఉన్నాయి. అంటే బాబాయి గారు ఇక్కడ అడిగిన ప్రశ్నకే వాళ్ళు చట్టంలో జవాబు రాసుకున్నారు. వాళ్ళు ముందు ఎల్1 లాంటిది బాగా వాడి, చేతులు కాలాకే ఆకులు పట్టుకున్నారు లెండి.

ఇంకోటి నాకు నచ్చింది. ఓ ఆయుధ వ్యవస్థకి సిస్టమ్స్ ఇంజనీరింగ్ సలహా, టెక్నికల్ డైరెక్షన్ ఇచ్చే కంపెనీ అదే వ్యవస్థని తయారుచేసి అమ్మకూడదని వాళ్ళ కొనుగోలు నిబంధనల్లో ఉంది. పెళ్ళిచూపుల్లో మధ్యవర్తే వరుడైతే ఎలా? బాబాయి గారి హైదరాబాద్ కంపెనీ పార్టులూ చేస్తోంది, సపోర్ట్ మనుషుల్నీ పంపుతానంటోంది. ఆ మనుషులు రేపు ఆ పార్టుల్లో తప్పుందని రాయగలరా?

చలపాయ్ (గుంటూరు):

నేను ఫైనలియర్ మెకానికల్. అందరూ కాంట్రాక్టు ఎలా ఇవ్వాలని కొట్టుకుంటున్నారు. కాంట్రాక్టు అసలెందుకు? మిసైళ్ళ ప్రోగ్రాం 1983లో మొదలైంది. అందులోంచి వచ్చిన ఆకాశ్ మిసైల్‌కి 2023 మార్చిలో కూడా రక్షణ శాఖ ప్రభుత్వ కంపెనీ బీడీఎల్ (భారత్ డైనమిక్స్)తో 8,160 కోట్ల ఒప్పందం చేసుకుంది. నలభై ఏళ్ళు! 1983లో చేరిన మనిషి రిటైరై మనవళ్ళని ఆడిస్తుంటాడు. మిసైల్ ప్రాజెక్టు ఆయుష్షు నలభై ఏళ్ళు, దాన్ని చూసుకునే కాంట్రాక్టు ఆయుష్షు ఏడాదో రెండేళ్ళో. పర్మనెంట్ పోస్టులు వేసి మా బ్యాచ్‌ని తీసుకోండి, చచ్చేదాకా పిన్నులు నొక్కుతాం.

టెండరు రావు:

బాబూ, నీ ఆవేశం బాగుంది. కానీ టెస్టులు ఏడాదంతా ఒకేలా ఉండవు. ఓ నెల యాభై మంది కావాలి, ఓ నెల పది మంది చాలు. మిగతా నలభై మందిని ఏం చేస్తారు? నీ నలభై ఏళ్ళ లెక్క మాత్రం నన్ను ఇరుకున పెట్టింది, ఒప్పుకుంటున్నా.

పటమట లాయరు:

ఆలస్యంగా వచ్చా, కోర్టు ఉంది. ఇంతమంది ఎల్1 అని కొట్టుకుంటుంటే, ఆ రేటు దేనిమీద పాడుతున్నారో ఎవరూ అడగలేదు. జీతాన్ని పోటీలోంచి తీసేయండి. ఫలానా పనితనం ఉన్న మనిషికి ఇంత జీతం, దానిమీద పీఎఫ్, ఈఎస్ఐ ఇంత అని టెండరు పెట్టేవాళ్ళే రాయాలి. పోటీ ఏజెన్సీ ఖర్చులు, లాభం మీదే జరగాలి. ఏజెన్సీ మారితే పాత మనుషుల్ని అదే జీతం మీద తీసుకోవాలని షరతు పెట్టాలి. అప్పుడు రావు గారికి చూపించడానికి అంకె ఉంటుంది, లడ్డు గారి సీనియరూ బ్యాగు సర్దుకోడు.

బాబాయి గారికి సొంతంగా ఓ మాట. రేటు కంటే ముందు డబ్బు ఎప్పుడొస్తుందో చూసుకోండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొన్నవాడు 45 రోజులు దాటకుండా కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. చిన్న పరిశ్రమల బకాయిల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ తీర్పు మీద వాడు కోర్టుకెక్కాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. చట్టం ఇంత గట్టిగా ఉన్నా నా దగ్గరికి కేసులొచ్చేది వేళ్ళ మీదే. ఎందుకంటే కేసు వేసినవాడికి మళ్ళీ ఆర్డరు రాదు. మెషిన్ పనిలో బిల్లు లేటైతే సరుకు ఆపుతారు. మనుషుల్ని పంపాక బిల్లు లేటైతే ఒకటో తారీకు జీతం మీరే కట్టాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) పని మొదలుపెట్టే ముందే ఉండేలా చూసుకోండి.

టెండరు రావు:

లాయరు గారి ఐడియా బానే ఉంది. కాకపోతే మ్యాన్‌పవర్ టెండర్లలో మేం చూసిందేంటంటే, జీతం ఫిక్స్ చేస్తే అందరూ ఏజెన్సీ చార్జి అట్టడుగుకి దింపి ఒకే అంకె కోట్ చేస్తారు. పది మంది టై. తర్వాత జీతంలోంచే కుర్రాళ్ళ దగ్గర చేతిలో వెనక్కి తీసుకుంటారు. దానికేం చేస్తారు?

బందరు లడ్డు:

అది నిజం. మా దగ్గర కూడా తీసుకున్నారు. ఫోన్‌పేలో వద్దు, క్యాష్ ఇవ్వమనేవాళ్ళు.

పటమట లాయరు:

అందుకే ఏజెన్సీ చార్జి ఇంతకంటే దిగకూడదని కింద గీత కూడా గీయాలి. టై అయినవాళ్ళలో పాత మనుషుల్ని ఎంతమందిని నిలబెట్టుకున్నారో చూసి ఇవ్వాలి. అది మార్కు కాదు, పీఎఫ్ రికార్డులో కనపడే లెక్క. మీ ఆడిట్ వాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

టెండరు రావు:

పీఎఫ్ రికార్డు అంటే... ఊఁ. అది ఫైల్లో నిలబడుతుంది. చిన్న కంపెనీకి పాత రికార్డు ఉండదు కాబట్టి బాబాయి గారికి నష్టమే. అయినా నిలబడుతుంది.

లేత్ బాబాయి:

అందరికీ థ్యాంక్స్. నిన్న వాళ్ళకి ఫోన్ చేశా. మిషనింగ్ ఎప్పటిలాగే చేస్తా, కేబుల్ ఫిక్స్చర్లు కూడా చేసిస్తా అన్నా. మనుషుల్ని పంపాలంటే జీతం అంకె పర్చేజ్ ఆర్డర్లోనే రాయాలి, టెండర్లో దించడానికి వాడుకోకూడదన్నా. అవతలాయన కాసేపు మాట్లాడలేదు. "మీరు కాకపోతే ఇంకొకరు ఇస్తారు సార్" అన్నాడు. ఇస్తారు, నాకూ తెలుసు. శనివారం చెప్తామన్నారు.

ఈ లోపు లడ్డు గారు చెప్పిన క్రింపింగ్ టూల్ ధర కనుక్కున్నా. వింటే గుండె ఆగినంత పనైంది, మా ఆవిడకింకా చెప్పలేదు. అయినా ఒకటి ఆర్డరు పెట్టా, శనివారం వాళ్ళేమన్నా సరే. లడ్డు గారూ, వచ్చే ఆదివారం వీలుంటే రండి. షాపు తెరిచే ఉంటుంది, ఇద్దరు కుర్రాళ్ళని కూర్చోబెడతా. చలపాయ్, నువ్వూ రావచ్చు.

బందరు లడ్డు:

వస్తా. వచ్చేలోపు మంచి టేబుల్ లైటు ఒకటి కొనిపెట్టండి.