కొత్తవాళ్లకు ముందు ఏది నేర్పాలి: డీటీఆర్‌ఎక్సా, టారా?

మారతహళ్లి మధు: టీమ్‌లో కొత్తగా చేరిన ఇద్దరికి లినక్స్ నేర్పుతున్నాను. చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన ఆర్కైవ్ టార్, జిప్, రార్, సెవెన్‌జెడ్ ఏదిచ్చినా డీటీఆర్‌ఎక్స్ (dtrx) అనే టూల్ ఒక్క కమాండ్‌తో విప్పేస్తుంది. లోపల ఫైళ్లు విడివిడిగా ఉంటే తనే ఫోల్డర్ చేసి అందులో పెడుతుంది. ముందు ఇది నేర్పితే చాలదా?

పాత టెర్మినల్: చాలదు. అది పైథాన్ స్క్రిప్ట్. వెనక పనిచేసేది ఆ టార్, అన్‌జిప్ లాంటి కమాండ్‌లే. కస్టమర్ సర్వర్‌లో కొత్తవేవీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. ముందు టార్ ఎక్స్‌జెడ్‌ఎఫ్‌తో (tar xzf) చెయ్యి తిరగాలి.

బీటీఎం సుజాత: జీజిప్ కంప్రెషన్ అని చెప్పే ఆ జెడ్ ఎందుకండీ? గ్నూ టార్ ఏ కంప్రెషనో ఫైల్ చూసి తనే పోల్చుకుంటుంది. ఎక్స్‌ఎఫ్ చాలు.

పాత టెర్మినల్: పైపులోంచి, అంటే ఇంకో కమాండ్ నుంచి నేరుగా వస్తే పోల్చుకోలేదు. జెడ్ ఇవ్వమంటూ ఆగిపోతుంది.

బీటీఎం సుజాత: మొదటి వారంలోనే పైపులెవరు పెడతారు?

పాత టెర్మినల్: నేను పెట్టాను.

కోరమంగళ కిరణ్: జపాన్ నుంచి వచ్చే జిప్‌లలో ఫైల్ పేర్లు గజిబిజిగా వస్తే అన్ఆర్ (unar) అనే ఇంకో టూల్ వాడండి. ఎన్‌కోడింగ్ తనే పసిగడుతుంది.

మారతహళ్లి మధు: జెడ్ గొడవ వదిలేయండి. హోమ్ డైరెక్టరీలో ఉండి ఒకసారి టార్ ఎక్స్‌ఎఫ్ కొట్టాను. పై ఫోల్డర్ లేని ఆర్కైవ్ అది. వందల ఫైళ్లు ఎక్కడపడితే అక్కడ పడ్డాయి. నా ఆరు నెలల నోట్స్ రీడ్‌మీ అనే ఫైల్‌లో ఉండేవి. అదే పేరుతో ఇంకోటి వచ్చి దాని మీద కూర్చుంది. అన్‌జిప్ అయితే ఆగి అడుగుతుంది, టార్ అడగదు.

పాత టెర్మినల్: ముందు టార్ టీఎఫ్ కొట్టి లోపలేముందో చూసుకోవాలి. చూడకుండా విప్పేవాడికి ఏ టూల్ ఇచ్చినా అంతే.

మారతహళ్లి మధు: మా సీనియర్ కూడా ఆ రోజు ఇదే మాటన్నారు, నలుగురి ముందు! నేను బెంగళూరు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. టీఎఫ్ అనేది ఒకటుందని ఎవరు చెప్పారు నాకు? ఆ తర్వాత ఆయన్ని ఒక్క డౌటూ అడగలేదు. నా దగ్గరికొచ్చిన పిల్లలకు ఆ గతి పట్టకూడదు. నా పట్టుదలంతా అందుకే.

పాత టెర్మినల్: మధుగారూ, ఆయన అలా అనడం తప్పు. నేనూ అదే మాట అన్నాను, క్షమించండి. కానీ నా భయం కూడా వినండి. రాత్రి రెండింటికి కస్టమర్ సర్వర్ ముందు మా టీమ్ కుర్రాడు ఒంటరిగా కూర్చుని ఫోన్ చేశాడు. ‘అన్నా, ఇక్కడ డీటీఆర్‌ఎక్స్ లేదు’ అంటుంటే గొంతు వణుకుతోంది. అతనికి అదొక్కటే నేర్పింది నేనే.

బీటీఎం సుజాత: ఖాళీ ఫోల్డర్ చేసి, టార్‌కు పెద్ద సీ (-C) ఇచ్చి అందులోకి విప్పడం నేర్పండి. అది లినక్స్‌లోని టార్‌లో ఉంటుంది.

మారతహళ్లి మధు: సోమవారం టీఎఫ్, పెద్ద సీ రెండూ చూపిస్తాను. డీటీఆర్‌ఎక్స్ మాత్రం తీసేయను.